టోలెఫ్సన్ సొరుగు

కెస్ట్రల్ కౌంటీ కోర్టు భవనంలో, చలికాలం నాలుగు దాటాక, ఏ ఆడమనిషీ నేలమాళిగలోకి ఒంటరిగా దిగదు. మగవాళ్ళు దిగుతారా అంటే, వాళ్ళు ఎప్పుడూ దిగరు. పాత కాగితాలు వెతికి పైకి మోసుకొచ్చే పని వాళ్ళది కాదు.

కింద ఒక చెక్క బీరువా ఉంది. అనుమానాస్పదంగా చచ్చినవాళ్ళ పంచనామాలకి సూచిక కార్డులు అందులో ఉంటాయి. ఇరవై నాలుగు సొరుగులు. వాటిలో ఒకటి దానంతట అదే తెరుచుకునేది. తెరుచుకునే ముందు మూడు దెబ్బలు వినిపించేవి... అడుగునుంచి ఎవరో పిడికిలితో పైకి కొట్టినట్టు.

నాకు ముందు ఆ భవనం రికార్డుల ఆఫీసులో నా కుర్చీలో కూర్చున్నది వెర్నా హౌగెన్. ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుంది. రిటైరైన మరుసటేడు వాళ్ళ వంటింట్లో, నాకు కాఫీ పోస్తూ, ఈ సంగతి చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

సొరుగు గురించి మా పెద్ద ఆఫీసరు డ్వేన్ ప్రూయిట్‌కి ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాడు.

“దెయ్యాలు తక్కువ జీతాల వాళ్ళకే కనిపిస్తాయేంటి వెర్నా?”

“కిందికి దిగేది మేమే కదండీ.”

“నాలుగున్నరకి బాయిలర్ ఆపుతారు. గొట్టాలు చల్లారి టంగుమంటాయి. నేల ఆ పక్కకి వాలు, సొరుగు జారుతుంది. అంతే.”

ఈ శాస్త్రమంతా ఆయన పైన కూర్చునే కనిపెట్టాడు.

అది తొంభై ఎనిమిది డిసెంబరు. వెర్నా పదవీ విరమణకి ఇంకా మూడు వారాలుంది. మంచు తుపాను వస్తోందని రేడియోలో చెబుతున్నారు. నాలుగింటికి ఇనెజ్ టోలెఫ్సన్ వచ్చింది.

ఆమె తొమ్మిదేళ్ళుగా ప్రతి డిసెంబరులో వస్తోంది. తొంభై మైళ్ళ అవతల వేరే కౌంటీ నుంచి, ఒక్కతే కారు నడుపుకుంటూ. యాభై మూడేళ్ళ మనిషి. చేతిలో పెట్రోలు బంకులో కొన్న కాఫీ. లోపలికి రాగానే చేసే మొదటి పని ఆ కప్పు మూత తీసి చెత్తబుట్టలో వెయ్యడం.

“చల్లారిపోదూ?” అని వెర్నా ఒకసారి అడిగింది.

“మూత ఉన్నది చేత్తో పట్టుకోలేనండీ. చిన్నప్పటినుంచీ అంతే. మా ఇంట్లో గిన్నెలకి కూడా మూతలుండవు.”

ఇనెజ్ వెతుకులాట ఎప్పుడూ ఒకటే. వాళ్ళమ్మ పేరు ఆల్మా. ఇనెజ్‌కి ఐదేళ్ళప్పుడు, ఈ కౌంటీలోనే ఉండగా, విత్తనాలమ్ముకునే ఒకడితో లేచిపోయిందని వాళ్ళ నాన్న ఆర్విల్ చెప్పాడు. చెప్పి, పిల్లని తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల అక్కడే పెరిగి, అమ్మలాంటి దాన్ని కానని నిరూపించుకోవడానికి ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవర్నీ చేసుకోలేదు. ఇప్పుడు ఆయనకి ఎనభై మూడు. ఆమే ముఖం కడుగుతుంది, ఓట్స్ జావ తినిపిస్తుంది. ఆయన ఆ జావ ఉమ్మేసి, “నువ్వూ దానిలాగే పోతావే” అంటాడు.

“నన్ను వదిలేసి వెళ్ళిందా, లేదా? అది తెలిస్తే చాలు,” అంది ఇనెజ్ మొదటిసారి వచ్చినప్పుడు.

“ఎందుకో చెప్పక్కర్లేదమ్మా. చట్టం ప్రకారం మేం అడగకూడదు,” అంది వెర్నా.

కాగితాలడిగే పద్ధతి వెర్నాకి నోటికి వచ్చు. ఎవరి కాగితం, ఏ రకం, సుమారు ఏ ఏడాది, ఇవి ఫారం మీద రాయాలి. పది పనిరోజుల్లో ఆఫీసు జవాబివ్వాలి. లేకపోతే లేదని రాసివ్వాలి. తొమ్మిదేళ్ళలో ఇనెజ్ విడాకులడిగింది, రెండో పెళ్ళి అడిగింది, మరణం అడిగింది, పంచనామా అడిగింది. ప్రతిసారీ వెర్నా “టోలెఫ్సన్, ఆల్మా” కోసం వెతికింది. ప్రతిసారీ అదే ముద్ర: అట్టి రికార్డు లేదు.

“ఆ ముద్ర గుద్దేముందు ఒక్క ఫారమూ రెండోసారి చదవలేదే,” అంది వెర్నా నాతో. “ఆమె మొహం వంక చూసేదాన్ని కూడా కాదు. తర్వాతెవరూ అని కేకేసేదాన్ని.”

ఆ రోజు మాత్రం ఎందుకో... రిటైరవుతున్నాను కదా అనో, తుపాను వస్తోందన్నా ఇంత దూరం వచ్చిందనో... “మీరే వచ్చి చూసుకోండి,” అంది. “సూచిక కార్డులు చూసే హక్కు ఎవరికైనా ఉంది. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదంతే.”

ఇద్దరూ దిగారు.

కింద దీపానికి మామూలు మీట కాదు, తిప్పే గడియారం మీట. పది నిమిషాలకి తిప్పితే టిక్కు టిక్కుమంటూ వెనక్కి వచ్చి, ఆరిపోతుంది. కరెంటు ఖర్చు తగ్గుతుందని ప్రూయిట్ పెట్టించాడు.

వెర్నా తిప్పింది. తడి ఉన్ని వాసన. బయట ఎవరి కోటూ తడవలేదు... మంచింకా మొదలు కాలేదు.

ఇనెజ్ సొరుగు లాగి ఒక్కో కార్డూ తిప్పింది. ఆల్బర్ట్. ఆండ్రూ. మధ్యలో ఆల్మా లేదు. ఇంక ముందుకి వెళ్ళకుండా సొరుగు మూసేసింది.

“నిజంగానే లేదు,” అంది.

“లేదని చెప్పాను కదమ్మా.”

గోడ అవతల బాయిలర్ ఆపిన చప్పుడు వినిపించింది. టిక్కు... టిక్కు... దీపం ఆరిపోయింది.

వెర్నా గోడ తడుముకుంటూ మీట కోసం వెళ్ళింది. దొరకలేదు.

టంగు.

“అది గొట్టం,” అంది వెర్నా గుసగుసగా.

టంగు.

“వెర్నా... నా చెయ్యి పట్టుకుంది మీరేనా?”

వెర్నా గోడ దగ్గరే ఉంది.

టంగు.

చెక్క మీద చెక్క జారిన చప్పుడు. నిదానంగా... చివరిదాకా.

మీట దొరికింది. దీపం వెలిగింది. ఇనెజ్ బీరువా పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి గాలిలో, ఎవరో వదిలేసినట్టు. సొరుగు బయటికి వచ్చి ఉంది. ఒక కార్డు మిగతావాటికంటే వేలెడు ఎత్తున లేచి ఉంది.

వెర్నా వంగి చదివింది.

“టోలెఫ్సన్, ఆర్విల్. పంచనామా. డిసెంబరు 1950.”

వెర్నా ఇనెజ్ వైపు తిరిగింది.

“మీ నాన్న... ఇంట్లో ఉన్నాడన్నారు కదూ.”

“పొద్దున్నే జావ తినిపించి వచ్చాను.”

పంతొమ్మిది వందల యాభైలో చచ్చినవాడికి పొద్దున్న జావ తినిపించి వచ్చింది. తొంభై మైళ్ళ అవతల ఆ కుర్చీలో కూర్చున్నది ఏమిటి మరి? ఇన్నేళ్ళుగా ఈ పిల్ల వండి పెడుతున్నది దేనికి?

ఇనెజ్ కార్డు బయటికి తీసింది. తిప్పింది. వెనక పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో ఒకటే మాట.

భార్య.

అప్పట్లో పద్ధతి అది. పెళ్ళైన ఆడది మొగుడి పేరు మీదే బతికేది, చచ్చినా మొగుడి పేరు మీదే చచ్చేది. ఆ పద్ధతి వెర్నాకి తెలియనిదేం కాదు. ఆమె పెళ్ళి శుభలేఖ మీద వాళ్ళమ్మకి కూడా సొంత పేరు లేదు, మిసెస్ అని నాన్న పేరే ఉంది. కానీ ఆర్విల్ బతికున్నాడు. బతికున్నవాడి కార్డు చచ్చినవాళ్ళ సొరుగులో ఎవరు వెతుకుతారు? తొమ్మిదేళ్ళూ ఆమె వేళ్ళు ఆ కార్డు మీంచే దాటి వెళ్ళాయి.

కార్డు చూసి వెర్నా వెతికి తీసిన ఫైలులో మూడే కాగితాలున్నాయి. ఇనెజ్ నిలబడే చదివింది.

ఇంటి వెనక వాననీళ్ళు పట్టే తొట్టి, నేలలో పదడుగుల లోతు, పైన చెక్క మూత. భార్య నీళ్ళ కోసం వెళ్ళి జారిపడింది. భర్త పొలంలో ఉన్నాడు. సాక్షి ఒక్కరే. వయసు ఐదు.

ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే టైపు చేశారు. ‘నాన్న మూత పెట్టాడు. అమ్మ కొడుతూనే ఉంది. నాన్న మూత మీద కూర్చుని సిగరెట్టు తాగాడు. తర్వాత అమ్మ కొట్టలేదు.’

దాని కింద పంచనామా చేసిన అధికారి తన చేత్తో రాశాడు. ‘పిల్ల మాట పరిగణించదగినది కాదు. ప్రమాదవశాత్తు మరణం.’

సాక్షి పేరు ఇనెజ్.

ఇనెజ్ ఏడుస్తుందేమో అనుకుంది వెర్నా. ఏడవలేదు. కాగితాలు అంచులు సరిచేసి, “దీనికి సీలు వేసి నకలిస్తారా?” అంది. తర్వాత, “ఆ పాత ఇల్లు ఎవరి పేరున ఉంది?” అంది.

భూముల పుస్తకాలు కూడా అడిగినవాళ్ళందరికీ చూపించాలి. వెర్నా చూపించింది. బ్యాంకు వాళ్ళ చేతిలో ఉంది. ఎవరూ ఉండటం లేదు. ఇల్లు కూలగొట్టలేదు, తొట్టి పూడ్చలేదు.

ఎందుకని వెర్నా అడగలేదు. అడగకూడదు కదా.

తర్వాతి మంగళవారం టపాలో ఇనెజ్ దగ్గర్నుంచి ఫారం ఒకటి వచ్చింది. శుభ్రమైన చేతిరాత. ఎవరి కాగితం: టోలెఫ్సన్, ఆర్విల్. ఏ రకం: మరణం. ఏ ఏడాది: 1998.

వెర్నా కిందికి వెళ్ళింది, ఒంటరిగా. వెతికింది. పైకి వచ్చి ముద్ర గుద్దింది: అట్టి రికార్డు లేదు. గుద్దేముందు, ఆ ఒక్కసారి, ఫారం రెండోసారి చదివింది.

శుక్రవారం ఆ పాత ఇంటి వెనక తొట్టిలో ముసలాయన దొరికాడు.

పాత ఇల్లు చూడాలని తనే మారాం చేశాడని కూతురు షెరీఫ్‌కి చెప్పింది. కారులోంచి ఫ్లాస్కు తెచ్చేలోగా కనబడకుండా పోయాడంది. జ్ఞాపకం సరిగా లేని మనిషి, పుచ్చిన చెక్క, పైగా మంచు. కానీ తొట్టి మూత మూసే ఉంది. గాలికి పడి ఉంటుందన్నారు. ఇన్నేళ్ళు తండ్రిని కంటికి రెప్పలా చూసుకున్న కూతురని పేపరులో వేశారు.

ప్రమాదవశాత్తు మరణం.

ఆ పంచనామాకి సూచిక కార్డు రాయడమే వెర్నా ఆఖరి పని. ప్రూయిట్ వీడ్కోలు కేకు కోయడానికి పైనుంచి పిలుస్తున్నాడు.

“రావే వెర్నా, ఆ దెయ్యాన్ని కూడా తీసుకురా, ఓ ముక్క పెడదాం.”

“వస్తున్నానండీ.”

కార్డు మీద పెన్నుతో రాసింది: టోలెఫ్సన్, ఆల్మా. తిప్పి వెనక పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో రాసింది: భర్త. మంగళవారం నాటి ఆ ఫారం కూడా అదే ఫైలులో పెట్టింది. చావుకి మూడు రోజుల ముందు మరణపత్రం అడిగిన ఫారం. టపా ముద్రతో సహా.

“చింపెయ్యలేకపోయావా?” అన్నాను.

వెర్నా నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

“ప్రభుత్వ కాగితం చింపడం నేరమే.”

నేను ఆ కుర్చీలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ సొరుగు మళ్ళీ తెరుచుకోలేదు. నాలుగున్నరకి దెబ్బలు మాత్రం వినిపిస్తాయి. బాయిలర్ మార్చారు, గొట్టాలు మార్చారు, అయినా వినిపిస్తాయి. మునుపటిలా మూడు కొట్టి ఆగవు. కొడుతూనే ఉంటాయి. బరువైన చెయ్యి... ముసలి చెయ్యి.

నేను దీపం ఆర్పి పైకి వచ్చేస్తాను.

ఆ ఫైలు అక్కడే ఉంది. ఎవరైనా అడగొచ్చు. ఎందుకని మేం అడగం, పది పనిరోజుల్లో తెచ్చి చేతిలో పెడతాం. షెరీఫ్ మనుషులు రెండుసార్లు అడిగారు. ఆర్విల్ పేరు మీద.

అట్టి రికార్డు లేదు.