ఆరెంజ్ ముందా, ఎల్లో ముందా

మొదటి షీట్ చూడగానే తారక్ ముఖం మారిపోయింది. నవత చూస్తున్నది ఆ ముఖాన్నే కాబట్టి, షీట్ ఎలా వచ్చిందో ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కరీంనగర్ శివార్లలోని ఆ ప్రెస్సు రేకుల మీద మధ్యాహ్నం నుంచి వాన దంచుతోంది. బయటి గదిలో మెట్‌పల్లి పసుపు పొడి కంపెనీ యజమాని జనార్దన్‌రావు చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఆయన కొడుకు తారక్ లోపల మిషన్ పక్కన, లైట్ కింద పరిచిన షీట్ మీదికి వంగి ఉన్నాడు. దాని నిండా పసుపు కొమ్ముల బొమ్మలు. వాళ్ల కంపెనీ గల్ఫ్ దుకాణాలకు పంపే కొత్త డబ్బాల అట్ట అది. ఎదురుగా మిషన్ ఇన్‌ఛార్జి నవత, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

బిగబట్టదా మరి? ఇదివరకు ఈ ప్రెస్సులో ప్రతి డబ్బాకూ దానికి తగిన రంగును విడిగా కలిపేవారు. ఆ కష్టం అక్కర్లేదని, ఎల్లోతో సహా మామూలు నాలుగు రంగులకు ఆరెంజ్, గ్రీన్ చేర్చి మిషన్‌లో ఉంచేస్తే ఆ ఆరింటితోనే ఏ రంగైనా తెప్పించవచ్చని ఓనర్ పర్శరాములు వెంటబడి ఒప్పించింది ఆమే. ఒప్పుకుంటూనే ఆయన ఒక మాట అన్నాడు. ఈ పసుపు డబ్బా పాస్ కాకపోతే మళ్లీ పాత పద్ధతే, నవత మళ్లీ కంప్యూటర్ గదికే. మిషన్ మీద ఆడపిల్లేమిటని మొదట్లో గొణిగినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

తారక్‌ది మామూలుగా ఊరుకునే నోరు కాదు. నమూనాలు చూడటానికి వచ్చిన మొదటి రోజే, బొమ్మలో ఆకు పచ్చగా లేదని ఆమెతో తగువు పెట్టుకున్నాడు. ఆకు చూడాలంటే చేనుకు పొమ్మంది ఆమె. మర్నాడు నిజంగానే చేను నుంచి పసుపు ఆకు తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు. అప్పటి నుంచి ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు. మెట్‌పల్లి ఏమీ పక్క వీధి కాదు. అతను ఎందుకొస్తున్నాడో నవతకు తెలుసు. తెలియనట్టు ఉండటం ఇంకా బాగా తెలుసు.

"ఎట్లొచ్చింది?" అని అడిగింది.

"మంచిగనే వచ్చింది," అంటూ తారక్ జేబులోంచి పెన్ను తీశాడు.

ప్రెస్సులో సైన్ అంటే ఆషామాషీ కాదు. పార్టీ, అంటే పని ఇచ్చినవాళ్లు, సైన్ చేసిన షీట్‌ను పక్కన పెట్టుకుని, తర్వాత వచ్చే వేల షీట్లను దానితో పోల్చుకుంటూ కొట్టాలి. ఆ తర్వాత రంగు బాగాలేదనే హక్కు పార్టీకి ఉండదు. తారక్ షీట్ మూలన చకచకా సైన్ చేసేశాడు. భూతద్దం ముట్టుకోలేదు. ఆమె కళ్లలోకీ చూడలేదు.

నవతకు సంతోషం కలగాలి. కలగలేదు. షీట్‌ను తన వైపు తిప్పుకుంది. పసుపు కొమ్ములు పసుపులా లేవు, మిరపపొడి చల్లినట్టు ఎర్రబారి ఉన్నాయి. పైగా అక్కడక్కడా మచ్చలు. ఒక్క ఆకు రంగు కోసం అంత రాద్ధాంతం చేసినవాడికి ఇవి కనబడకపోవడమేమిటి?

ఆమె ఆ సైన్ చేసిన షీట్‌ను అడ్డంగా చింపేసింది.

మిషన్ నడిపే లక్ష్మణ్ రోలర్ తుడుస్తున్నవాడల్లా అలాగే ఆగిపోయాడు. సైన్ అయిన షీట్‌ను చింపడం అతను తన సర్వీసులో చూడలేదు.

"నా మీద జాలి పడ్డరా?" నవత ముక్కలను టేబుల్ మీద పడేసింది. "గీ మచ్చలు మీకు కనవడలేదంటే నేను నమ్మ."

"కనవడ్డయ్," అన్నాడు తారక్, నేల చూపులు చూస్తూ. "పాస్ కాకపోతే మిమ్మల్ని మిషన్ పని నుంచి తీసేస్తమని పర్శరాములు సార్ మా బాపుతోని అంటుంటే విన్న. ఇగ నేను కాదని ఎట్లంట?"

కాదంటే తప్పు లేదంది నవత. రేపు దుకాణంలో డబ్బాలు ఎర్రగా కనబడితే పోయేది తన పేరూ, వాళ్ల కంపెనీ పేరూ అంది. లక్ష్మణ్ అంతా విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఇంత తెలిసిన మనిషి ఆరెంజ్‌ను అన్ని రంగుల తర్వాత ఎందుకు వేయించింది?

నవత ముఖం వేడెక్కింది. జిగట ఎక్కువున్న ఇంకు ముందు, తక్కువున్నది తర్వాత అన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఆరెంజ్‌కు జిగట ఎక్కువ, ఎల్లోకు తక్కువ. తడిగా ఉన్న ఎల్లో మీద ఆరెంజ్ పడితే కింది రంగును పీకేస్తుంది, తానూ సరిగా అంటదు. అందులోనూ చివర పడిన రంగుదే పైచేయి. అందుకే ఆమె మొదట వేసుకున్న వరుసలో ఆరెంజ్ ముందు, ఎల్లో చివర ఉన్నాయి.

"ఆరెంజ్ పైన మెరవాలె అని మీరే కదా ఫోన్ల అన్నరు," అంది చివరికి తారక్‌తో. "మీరన్నరనే మార్చిన."

తారక్ తెల్లబోయాడు. "ఇంకుల సంగతి నాకేం తెలుసు? ఆ దినం ఫోన్ పెట్టెయ్యబుద్ధి గాక ఏదో ఒకటి అన్న."

నవతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లక్ష్మణ్ చెప్పినా, ఓనర్ చెప్పినా తన వరుసను మార్చని మనిషి, ఇతను ఒక్క మాటంటే మార్చేసింది. ఇతనేమో తన కోసం కళ్లు మూసుకుని సైన్ చేశాడు. ఒకరి మీద ఒకరికున్న ప్రేమతో ఇద్దరూ కలిసి జనార్దన్‌రావు పసుపును నిలువునా ముంచబోయారు.

అంతలో పర్శరాములు లోపలికి వచ్చి, చిరిగిన షీట్ చూసి నోరు తెరిచాడు. నవత దాచలేదు. వరుస తప్పింది, తప్పు తనదే అని, ఒక్కసారి మార్చి చూపిస్తానని చెప్పింది. ఆయన బయటి గది వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఇదే ఆఖరు అన్నాడు.

ఆ రెండు రంగుల యూనిట్ల రోలర్లు కడిగి, ఆరెంజ్ ఉన్నచోటికి ఎల్లో, ఎల్లో ఉన్నచోటికి ఆరెంజ్ మార్చారు. ప్లేట్లూ మార్చారు. తారక్ చొక్కా చేతులు మడిచి గుడ్డ పట్టుకున్నాడు. పార్టీ వాళ్లు మిషన్ ముట్టుకోకూడదని నవత కసిరితే ఒక అడుగు వెనక్కి వేశాడే తప్ప గుడ్డ వదల్లేదు. మిషన్ మళ్లీ కదిలింది. ఇంకు కుదురుకునే దాకా వచ్చిన షీట్లన్నీ నవత పక్కన పడేసింది. ఆ తర్వాత ఒకటి లాగి లైట్ కింద పరిచింది.

ఆలస్యమేమిటో చూద్దామని జనార్దన్‌రావు లోపలికి వచ్చేసరికి తారక్ భూతద్దంతో షీట్ ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతుకుతున్నాడు. వెతకడం అయ్యాక పెన్ను తీసి తండ్రి చేతికి ఇచ్చాడు.

"మీరే చూడుండ్రి బాపు. నా సైన్ చెల్లది."

"ఎందుకు చెల్లది?"

"ఇందాక బాగలేని షీట్ మీద సైన్ చేసిన. ఈమె పరేషాన్ అయితదని." తారక్ గొంతు సవరించుకున్నాడు. "నాకు నవత అంటే ఇష్టం. ఇగ ఆమె ఏం కొట్టినా నా కండ్లకు మంచిగనే కనవడ్తది."

పర్శరాములు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. జనార్దన్‌రావు ముఖం చూస్తే కోపమో కాదో తెలియడం లేదు. ఆయన నవత వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. షీట్ మంచిగొచ్చిందా?"

బాగా వచ్చిందని నవతకు తెలుసు. ఒక్క మాటంటే డబ్బా పాస్ అవుతుంది, మిషన్ తనకు దక్కుతుంది. ఆ మాట కోసమే కదా ఇంత పోరాటం.

"నా మాట గూడ చెల్లది సార్," అంది తల వంచుకుని. "మీరే చూడుండ్రి."

ఆ మాటలో ఉన్నదేమిటో ముందుగా అర్థమైంది తారక్‌కే. అతను భూతద్దం పక్కన పెట్టి ఆమె వైపే చూశాడు. జనార్దన్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని షీట్ మీదికి వంగాడు. ఏళ్ల తరబడి పసుపు అమ్మిన మనిషి, తొందర పడలేదు. కొమ్మును చూశాడు, ఆకును చూశాడు, షీట్ పక్కకు తిప్పి మళ్లీ చూశాడు.

"ఇది మా పసుపే," అని సైన్ చేశాడు. పెన్ను మూత పెట్టి, "ఇగ రెండో సంగతి. మీదేవూరు?" అని అడిగాడు.

ఖానాపూర్ అని, బాపు దుబాయిలో ఉంటాడని, ఇంటి దగ్గర తల్లి కమలవ్వ ఉంటుందని నవత చెప్పింది.

"అయితె మీ అవ్వ నంబర్ చెప్పు. జర మాట్లాడ్త," అని జనార్దన్‌రావు తన ఫోన్ తీశాడు.

నవత చెప్పబోయి ఆగిపోయింది. రోజూ పొద్దున్నే అవ్వతో ఫోన్‌లో మాట్లాడనిదే పనిలోకి దిగని ఆ పిల్లకు అప్పుడు ఒక్క అంకె గుర్తుకు వస్తే ఒట్టు.