పేరు ముందు ఖాళీ

అక్సా నన్ను పిలిచిన మొదటి మాట "బ్రదర్". బహ్రెయిన్‌లోని సనాబిస్‌లో ప్రతి శుక్రవారం జరిగే మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో అందరూ అందరికీ బ్రదర్లూ సిస్టర్లే. ఆ సంగతి తెలిసినా నా ప్రేమకథ అక్కడికక్కడే ముగిసిందనుకున్నాను.

"ఫిన్నీ బ్రదర్, నువ్వు బోర్డులు రాస్తవంట గదా?"

"ఎన్నయినా రాస్తానండి."

నిజానికి అమ్వాజ్‌లో ఒక బిల్డింగులో నాది మెయింటెనెన్స్ డ్యూటీ. 'లిఫ్ట్ పనిచేయదు' అన్న బోర్డు తప్ప నేను రాసింది లేదు.

అక్సాది కరీంనగర్. అద్లియాలో ఒక కాఫీ షాపులో పని. రోజూ అక్కడికొచ్చే జుమా బాబా అనే బహ్రెయినీ పెద్దాయన కథ చెప్పింది. ముహరక్‌లో సముద్రం దగ్గర ఒక ముత్యాల వ్యాపారి పాత ఇల్లుంది. ఆఫ్రికా నుంచి కొనుక్కొచ్చిన మనుషుల్ని ఆ వ్యాపారి ముత్యాల కోసం సముద్రంలోకి దింపేవాడు. బాబా తాత ఫరజ్ వాళ్ళలో ఒకడు. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి తలుపుల నగిషీ చూపిస్తారు గానీ వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. బాబా ఆరు నెలలు తిరిగితే, ఆ ఇల్లు చూసుకునేవాళ్ళు ఆ పేర్లతో బోర్డు పెట్టుకోవడానికి ఒక్క సాయంత్రం ఇచ్చారు. అది బాగుంటే ఉంచుతారట.

ఇదంతా నేను సగమే విన్నాను. మిగతా సగం ఆమె చెవి దిద్దులు ఊగుతుంటే చూశాను.

"ఇగో, బాబా దాచుకున్న కాగితం చూసి ఇంగ్లీషుల ఎక్కించిన. పేర్లే రాయి బ్రదర్, ఇంకేం వద్దు."

కాగితంలో ఏడు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కన ఇంకో పేరుంది. ఏడింటి పక్కనా అదే. ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళన్నమాట, అదే ఇంటిపేరు కాబోలు అనుకున్నాను. మా రాజోలులో ఇంటిపేరు లేకుండా శుభలేఖ వేస్తే పెళ్ళే అనుమానమవుతుంది. అక్సా చెప్పడం మర్చిపోయి ఉంటుంది, నేనే దిద్దుదామని, మన పద్ధతిలో ప్రతి పేరు ముందూ ఆ ఇంటిపేరు ఎర్ర రంగుతో కొంచెం పెద్దగా రాశాను. మెచ్చుకుంటే ఎలా సిగ్గుపడాలో కూడా అద్దంలో చూసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఆ పాత ఇంటి దగ్గరికి ముప్పైమంది వచ్చారు. బోర్డు మీది గుడ్డ తీశారు. జుమా బాబా దగ్గరికొచ్చి ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు హిందీలో.

"నేనే బాబా," అని ముందుకొచ్చాను.

"ఇది మా తాతని కొన్నవాడి పేరు."

ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి పడ్డది చాలు.

"కొన్నోని పేరు వీళ్ళ నెత్తిన పెట్టినవా బ్రదర్?" అంది అక్సా. అరవలేదు. అరిచినా బాగుండేది.

బాబా కర్ర తీసుకుని వెనక్కి తిరిగాడు. "ఖలాస్. ఇంటికి పోదాం."

"అరగంట ఆగండి బాబా," అని కంపెనీ వ్యాన్ దగ్గరికి పరిగెత్తాను. సాండ్‌పేపర్ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఎరుపును రుద్దడం మొదలుపెట్టాను. కాసేపటికి అక్సా కూడా పక్కన కూర్చుని ఒక ముక్క అందుకుంది.

"నీ యూనిఫాం వీపు మీద ఎవలి పేరున్నది?"

"కంపెనీదండి."

"మరి నీ పేరు?"

"జేబు మీద ఉందండి. చిన్నగా."

వినకుండా వదిలేసిన సగం నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఏడుగురి ముందు తల ఎత్తలేకపోయాను. ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఎరుపంతా పోయింది. ప్రతి పేరు ముందూ గీతలు పడిన ఖాళీ మిగిలింది.

"తెల్ల రంగు వెయ్యనా బాబా?"

ఆయన ఆ గీతల్ని వేలితో తడిమాడు. "వద్దు. వాళ్ళ నాన్నలెవరో ఎవరికీ తెలియదు. ఆ జాగా అలాగే ఉండనీ." తర్వాత గట్టిగా చదివాడు. "ముబారక్. ఫరజ్. అల్మాస్." ఒక్కో పేరూ ముప్పైమందిమీ మళ్ళీ అన్నాం. ఆ ఇంటి కాపలాదారు వచ్చి బోర్డు అక్కడే ఉంచమన్నాడు.

వ్యాన్ డ్రైవర్‌ని పంపేసి అక్సాతో బస్టాపుకి నడిచాను. చినుకులు మొదలయ్యాయి. బహ్రెయిన్‌లో వాన రావడమే అరుదు, నాకు ధైర్యం అంతకంటే అరుదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"అక్సా గారూ, నా పేరు వెనక కూడా ఒకటి తీసేయాలండి."

"ఏంది?"

"బ్రదర్."

ఆమె రోడ్డు వైపు చూసింది. "తీసేస్తే ఏమైతది?"

"మీరంటే నాకు ఇష్టమని చెప్పుకోవచ్చండి."

చినుకులు జోరందుకున్నాయి. ఆమె చున్నీ తల మీదికి లాక్కుంది.

"రేపు పెండ్లైతే నీ ఇంటిపేరు నా పేరు ముందట పెడ్తవా?"

"ఖాళీ వదిలేస్తానండి."

"మాట మీదుంటవా?"

"నా రాత చూశారుగా, నన్ను నమ్మకండి. శుభలేఖ మీరే రాయండి."

బస్సు వచ్చింది. అక్సా మెట్టెక్కి, వెనక్కి తిరిగింది.

"ఎక్కు, ఫిన్నీ."

వెనక ఇంకేమన్నా తగిలిస్తుందేమోనని కాసేపు ఆగాను. ఏమీ లేదు. ఎక్కాను.