మొదటి ముంత

1994 సెప్టెంబరు ఇరవై తొమ్మిది, గురువారం. రాత్రి ఎనిమిదీ నలభైకి తవిటయ్య కొత్త ముంతలో పెరుగన్నం కలిపాడు. పైన చిటికెడు పసుపు జల్లి వేపమండ గుచ్చాడు. తినేది మనిషి కాదు కనక ఉప్పు వెయ్యలేదు.

ఆ ముంత వెళ్లవలసింది పంపుగదికి.

ఇక్కడి ఉక్కు ప్లాంటు పక్క బస్తీ భుయ్యాడీహ్‌లో ఇళ్ల వరసలు అయిపోయాక, సువర్ణరేఖ నది ఒడ్డుకి దిగే దారిలో ఉండేది ఆ గది. లోపలి మోటారు ఎప్పుడో పీకేశారు. కిటికీ చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. తలుపు మాత్రం మిగిలింది. పట్టపగలు మేకలు కూడా ఆ నీడలో పడుకోవని చెప్పేవారు. మేకల సంగతి నేను చూడలేదు, మనుషుల సంగతి చూశాను. చీకటి పడ్డాక సైకిలు మీద వచ్చేవాడు అక్కడికి రాగానే బెల్లు మోగిస్తూ, ఏదో పాట ఎత్తుకుని, గట్టిగా తొక్కేవాడు.

అమ్మోరి గది అనేవారు దాన్ని. మసూచి పెద్దగా వచ్చిన డెబ్బై నాలుగులో ఒక ఆడమనిషి అందులో చచ్చిపోయింది. అప్పట్నుంచి రాత్రిపూట ఆ దారిన పోయేవాళ్లని పిలుస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది... పలికితే మర్నాటికి ఒళ్లు కాలిపోతుంది.

ఇంతవరకు వీధిలో అందరూ చెప్పేదే. ఇక మీదటిది తవిటయ్య నాకు రెండు దఫాలుగా చెప్పింది.

తవిటయ్యది టెక్కలి వైపు ఊరు. ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఖలాసీ పని — క్రేనుకి గొలుసులు తగిలించడం. భార్య బంగారమ్మ. పన్నెండేళ్ల కూతురు లీల. ఒక గది, ఒక వసారా, ఇరవై ఇళ్లకి ఒక కుళాయి.

సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న కబురు ఊళ్లోకి దిగిన వారం అది. ప్లాంటు గేటు దగ్గర మనుషులు ముక్కులకి రుమాళ్లు కట్టుకుని షిఫ్టులకి వెళ్తున్నారు. టీ కొట్లో గాజు గ్లాసు ముట్టేవాడు లేడు. కర్పూరం దొరకడం లేదు, ఫినాయిలు దొరకడం లేదు. కాలవలో ఒక ఎలక చచ్చి తేలితే వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఇక ప్లేగుకి వేసే టెట్రాసైక్లిన్ అన్న మాట... ఇంగ్లీషు అక్షరం రానివాళ్లు కూడా తప్పు లేకుండా పలికేవారు. మందు మాత్రం ఎక్కడా లేదు.

లీలకి మంగళవారం జ్వరం తగిలింది. దగ్గు కూడా.

తవిటయ్య ఆ రెండు రోజులూ సైకిలు మీద అగ్రికో నుంచి సాక్చీ దాకా తిరిగాడు. ప్రతి మందుల షాపు ముందూ అట్టముక్క వేలాడుతోంది — ‘నహీ హై’, లేదు అని. ఒక షాపువాడు అట్టముక్క చూపించడానికి కూడా విసుక్కున్నాడు.

“నహీ హై భాయ్. మేరే బచ్చే కే లియే భీ నహీ హై.” తన పిల్లాడికే లేదట.

ఆస్పత్రికి తీసుకెళ్తే పిల్లని వార్డులో పెట్టి తాళం వేస్తారని భయం. వీధికి తెలిస్తే కుళాయి దగ్గరికి రానివ్వరని ఇంకో భయం. అందుకని తవిటయ్య కస్తూరమ్మ దగ్గరికి వెళ్లాడు.

కస్తూరమ్మ ఆ వీధి తెలుగువాళ్లలో పెద్దది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఏ ఇంట్లో అమ్మవారు పోసినా ఆవిడ చెప్పినట్టు నడవాల్సిందే.

“పెద్దమ్మా, పిల్లకి ఒళ్లు కాలిపోతంది.”

“మందు దొరికిందేటి?”

“నేదు.”

“అయితే అమ్మోర్ని అయిదు రాత్రుళ్లు సాగనంపు. రాత్రికో కొత్త ముంత. గది గుమ్మం కాడ ఎట్టీసి వచ్చెయ్. ఎనక్కి తిరిగి సూడకు. పిలిత్తే పలక్కు. పెట్టిన ముంత మళ్లీ ముట్టకు — ముంత ఎత్తినోడి ఎనకే అమ్మోరు ఇంటికొచ్చెత్తాది. ఇన్నావా?”

“ఇన్నాను.”

“ఇన్నావు గానీ, రెండు రోజులై తిరుగుతన్నావు. కూకుని ఎల్లు.”

మొదటి రాత్రి ఏమీ జరగలేదు. పెట్టాడు, తిరిగాడు, వచ్చేశాడు. వెనక చీకట్లో తలుపు కిర్రుమందని అనుకున్నాడు. గాలి అనుకున్నాడు. ఆ రాత్రి గాలి లేదు.

రెండో రాత్రి రెండో ముంత తీసుకుని వెళ్లాడు. మొదటిది గుమ్మం పక్కనే ఉంది.

బోర్లించి ఉంది.

మెతుకు లేదు. వేపమండ నేల మీద వేరుగా పెట్టి ఉంది. కుక్కలు తింటే ముంత దొర్లాలి, పగలాలి. ఇది ఎవరో తిని, కడిగి, ఆరబెట్టినట్టుంది... తవిటయ్య రెండో ముంత దాని పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు. పది అడుగులు వేసుంటాడు —

“అన్నియ్యా...”

సన్నని గొంతు. పొడిగా ఉంది. గది లోపల్నుంచి.

అతను ఆగలేదు, పలకలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. లీల కళ్లు తెరిచింది. ఆ పిల్లకి తెలుగు బాగా తెలుసు. జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది.

“పాపా, చాచా ఆయే థే న?”

చిన్నాన్న వచ్చాడు కదా, అని.

“నేదమ్మా. ఎవులూ రానేదు. పడుకో.”

ఇక్కడికి వచ్చేసరికి తవిటయ్య చెప్పడం ఆపేశాడు. బీడీ ముట్టించాడు. అది ఆరిపోయింది, మళ్లీ ముట్టించలేదు. అప్పుడు, మొదటిసారి చెప్పినప్పుడు వదిలేసిన సంగతి చెప్పాడు.

అతనికి ఒక తమ్ముడున్నాడు. బలరామ్. పందొమ్మిదో ఏట సూరత్ వెళ్లి చీరల మగ్గాల మీద పనికి కుదిరాడు. సెప్టెంబరు ఇరవై ఎనిమిది, బుధవారం తెల్లవారుజామున అయిదూ పదికి ఆ బలరామ్ వచ్చి అన్న తలుపు కొట్టాడు.

“అన్నియ్యా, నేనే. తలుపు తియ్యి.”

అంతకు రెండు రోజుల ముందు, సోమవారం, వీధివాళ్లు కుళాయి దగ్గర కూడి ఒక మాట అనుకున్నారు. సూరత్ నుంచి ఎవడు వచ్చినా ఇంట్లోకి రానివ్వకూడదు. రానిచ్చినవాడికి కుళాయి లేదు. చెయ్యెత్తినవాళ్లలో తవిటయ్య ఒకడు.

అతను తలుపు తియ్యలేదు. పక్కనున్న చిన్న కిటికీ రెక్క బెత్తెడు తీశాడు.

“ఎందుకొచ్చావురా? ఆసుపత్రికి పో.”

“నాకేటీ నేదన్నియ్యా. రైల్లో నిద్ర నేక కొంచెం ఒళ్లు వెచ్చబడింది, అంతే.”

“లీలకి జొరం. నువ్వు ఇక్కడుంటే వీధోళ్లు మమ్మల్ని బతకనివ్వరు. ఎల్లిపో.”

“లీలకా? అయితే ఒక్కసారి చెయ్యి బయటెట్టు అన్నియ్యా. చెయ్యి ఒక్కటి చాలు —”

పక్కింటి వసారాలో లైటు వెలిగింది. “కౌన్ హై రే? సూరత్‌వాలా?” అని ఒకడు అరిచాడు. తవిటయ్య కిటికీ మూసేశాడు. బయట పరుగెత్తే అడుగుల చప్పుడు, ఒక రాయి రేకు మీద పడిన చప్పుడు. ఆ తర్వాత ప్లాంటులో పొద్దుటి ఏ-షిఫ్టు కూత.

బంగారమ్మ పొయ్యి దగ్గర నిలబడే ఉంది.

“ఏటయ్యా, ఆడు తిన్నాడో నేదో...”

“నోర్ముయ్” అన్నాడు తవిటయ్య. ఆ మాట తనకి తనే చెప్పుకున్నట్టుందని నాతో అన్నాడు.

కనక రెండో రాత్రి పిలిచిన గొంతు ఎవరిదో అతనికి తెలుసా? నేను అడిగాను.

“దెయ్యాలు మనోళ్ల గొంతుతోనే పిలుత్తాయి కద సార్” అన్నాడు. “పెద్దమ్మ అదే సెప్పింది. నాను అదే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.”

మూడో రాత్రి రెండు ముంతలు బోర్లించి ఉన్నాయి. మూడోది పెట్టాడు. ఈసారి గొంతు దగ్గర్నుంచి వచ్చింది — తలుపు వారనుంచి.

“అన్నియ్యా... ముంతెత్తు.”

ఏది చెయ్యకూడదని కస్తూరమ్మ చెప్పిందో సరిగ్గా అదే చెయ్యమంటోంది!

“మొదటి ముంత... ఎత్తు...”

పరుగెత్తాడు. చెప్పు ఒకటి అక్కడే పోయింది.

నాలుగో రాత్రి ఆదివారం. లీలకి నూట మూడు. ముంత పెట్టేటప్పుడు పెరుగు నేల మీద ఒలికింది. గదిలోంచి మాట లేదు. తిరిగి నడవసాగాడు. అడుగులో అడుగు... వెనక ఆకులు నలిగిన చప్పుడు. తను ఆగితే అదీ ఆగుతోంది.

సరిగ్గా అప్పుడు దూరాన ఫర్నేసు వాళ్లు స్లాగ్ ఒంపారు. కరిగిన ఇనుప చిట్టెం గుట్ట మీద నుంచి జారితే ఆ ఊళ్లో ఆకాశం ఒక నిమిషం పాటు నిప్పురంగులోకి తిరుగుతుంది. ఆ వెలుగు అతని వెనక నుంచి వచ్చింది. దారి మీద అతని నీడ పొడుగ్గా పడింది.

దాని పక్కన ఇంకో నీడ.

చెయ్యి చాపి ఉంది. చేతిలో గుండ్రంగా ఏదో ఉంది — ముంత.

తవిటయ్య అరిచాడు. ఏమని అరిచాడో ఇళ్లలో చాలామంది విన్నారు. “పో! పో! నా ఇంటికి రాకు!” అన్నాడు. వెలుగు ఆరిపోయింది. వెనక ఎవరో కూలబడ్డ చప్పుడు... ఆ తర్వాత ఏమీ లేదు.

మర్నాడు ఆ అరుపు ఊరంతా పాకింది. ఆ రోజుల్లో నేను ఒక తెలుగు పత్రికకి ఇక్కడి సంగతులు రాసి పంపేవాణ్ని. భుయ్యాడీహ్‌లో దెయ్యం తిరుగుతోందని ఆరు పంక్తులు పంపాను. కాస్త సరదాగానే రాశాను. అచ్చయింది.

ఆ సోమవారం పొద్దున లీల జ్వరం జారింది. పిల్ల లేచి కూర్చుని చారన్నం అడిగింది. అది మామూలు పడిశం జ్వరమని తర్వాత తేలింది. ఆ పూట మాత్రం వీధిలో పండగలా ఉంది. కస్తూరమ్మ కొబ్బరికాయ కొట్టింది. “అమ్మోరు శాంతించింది. సూశావా, నాలుగు ముంతలకే!” అంది. రాత్రి తవిటయ్య అయిదో ముంత తీసుకెళ్లాడు.

నాలుగోది బోర్లించి లేదు. అన్నం అన్నంలాగే ఉంది, చీమలు పట్టి. గొంతు లేదు.

ఇంటికొచ్చి ఆ సంగతి కస్తూరమ్మకి చెప్పాడు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

“తిననేదా?”

“నేదు పెద్దమ్మా.”

ఆవిడ గుమ్మంలో చతికిలబడింది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

“ఆ మసూచి యేడాదీ ఇలాగే అయింది. ఆ ఆడదాన్ని ఆ గదిలో మనమే ఎట్టాం. పొద్దుకో ముంత ఇచ్చీవాళ్లం. తినీసి బోర్లించీది, కాళీ అయిందని మాకు తెలియాలని. మమ్మల్ని పేరు పేరునా పిలిచీది. పలికితే దగ్గరకి ఎల్లాల కదా... అందుకే పలకొద్దని అనుకున్నాం. ఒక పొద్దు ముంత అలాగే ఉండిపోయింది. మరి మేం తలుపు తియ్యనేదు.”

తవిటయ్య ఆవిడ మాట పూర్తిగా వినలేదు. లాంతరు పట్టుకుని పరుగెత్తాడు.

పంపుగది గుమ్మం లోపల నేల మీద బలరామ్ పడి ఉన్నాడు. ఊపిరి ఉంది. అన్న అతన్ని సైకిలు కారియరు మీద కూర్చోబెట్టి, తన పంచెతో తనకి కట్టుకుని, ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వీధివాళ్లు తలుపుల సందుల్లోంచి చూశారు. ఆ రాత్రి ఎవరూ రాయి వెయ్యలేదు. ఎవరూ తోడు వెళ్లలేదు.

అక్కడ రక్తం పరీక్ష చేశారు. ప్లేగు కాదు, మలేరియా.

గురువారం నాడు బలరామ్‌కి మాట వచ్చింది. తవిటయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు. స్టూలు ఉన్నా కూర్చోలేదు. తమ్ముడు నిష్ఠూరం ఆడతాడని, కనీసం మొహం తిప్పుకుంటాడని ఎదురుచూశాడు.

“లీలకి తగ్గిందా?” అని అడిగాడు బలరామ్.

“తగ్గింది.”

“అయితే ముంతెత్తావన్నమాట.”

బలరామ్ అతని మొహం కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, తవిటయ్య పంపుగది దగ్గరికి వెళ్లాడు. అప్పటికి మునిసిపాలిటీవాళ్లు వచ్చి చుట్టూ తెల్లగా బ్లీచింగు పౌడరు జల్లి పోయారు. ముంతల జోలికి వాళ్లూ వెళ్లలేదు. నాలుగో రాత్రి జ్వరం మైకంలో బలరామ్ మొదటిదనుకుని పట్టుకొచ్చిన రెండో ముంత దారి మధ్యలో పగిలి ఉంది. మొదటిది ఎక్కడిదక్కడే, బోర్లించి ఉంది.

ఎత్తాడు.

కింద పాలిథిన్ కవరు, దాని మీద చెమ్మ తగలకుండా మడతపెట్టిన చేతిరుమాలు. లోపల పెన్సిలుతో రాసిన కాగితం: ‘లీలకి. రోజుకి నాలుగు. ఏడు రోజులు మానకుండా.’

గుళికలు ఇరవై ఎనిమిది. సూరత్‌లో రైలెక్కే ముందు ఆరోగ్యశాఖవాళ్లు మనిషికొకటి చొప్పున పంచిన టెట్రాసైక్లిన్ కవర్లలో బలరామ్‌కి వచ్చింది అది. అందులోంచి అతను ఒక్కటి కూడా వేసుకోలేదు.