అంబలి కుండా, ఫర్ పాఠమూ

"ఇంగ్లీషులో ఈ ఒక్క మాటకి ఇన్ని పనులేటి మేడం? దీనికి సెలవుండదా?" అని అడిగాడు ఫల్గుణ.

క్లాసంతా నవ్వింది. బోర్డు మీద 'ఫర్' అని రాసి, దాని కింద గీతల మీద గీతలు గీస్తున్న ఉమామహేశ్వరి మాత్రం నవ్వలేదు. పాపం, ఆమె నవ్వాలనే కదా అతను ఆ మాటన్నది.

అరకులో కాఫీ తోటలు చూపించే గైడ్లకి ఇంగ్లీషు నేర్పడానికి ఆర్నెల్ల కాంట్రాక్టు మీద బొబ్బిలి నుంచి వచ్చింది ఉమ. తొలిరోజే ఫల్గుణతో తగువు. ఆమెని టూరిస్టనుకుని అరగంటసేపు కాఫీ మొక్క గురించి ఇంగ్లీషులో దంచేశాడు. ఆమె అంతా విని, చివర్న పదిహేడు తప్పులు వరసగా అప్పజెప్పింది. మనవాడు అక్కడే పడిపోయాడు. తప్పులు పట్టాలంటే ముందు మాట పూర్తిగా వినాలి కదా. అతని మాట అంతసేపు విన్న మనిషి అప్పటిదాకా లేదు మరి.

ఆ కాంట్రాక్టు ఈ శనివారంతో అయిపోతోంది. ఇంకో ఏడాది ఉంటారా అని ఆఫీసువాళ్ళు అడిగితే, ఆలోచించి చెబుతానందట. అప్పట్నుంచీ ఫల్గుణకి ముద్ద దిగడం లేదు.

"ఎవరి కోసమో చెప్పాలంటే ఫర్. ఎందుకో చెప్పాలన్నా ఫర్. ఎంతకాలమో చెప్పాలన్నా ఫరే. ఒకరి బదులు ఇంకొకరు పనిచేసినా ఫరే," అంది ఉమ. "రేపు తలొక వస్తువూ తెచ్చి, దాంతో మూడు రకాల ఫర్‌లు చెప్పాలి."

ఇంటికెళ్ళి ఈ సంగతి మామ్మతో చెప్పడమే ఫల్గుణ చేసిన పొరపాటు.

"ఆ మేడం గుంటకి ఏదో ఒకటి అట్టుకెల్లాలా? అలగైతే నాను సూసుకుంతాను," అంది మామ్మ కనక.

తెల్లారేసరికి రాగి సోళ్ళ అంబలి కుండ, మూతికి అడ్డాకు కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో మగపిల్లాడి ఇంటి నుంచి అలా కుండ వెళ్ళిందంటే పిల్లని అడిగినట్టే. ఇష్టమైతే ఆ పిల్ల తాగి, కుండ కడిగి ఖాళీగా తిరిగిస్తుంది. ఇష్టం లేకపోతే ఏదో ఒకటి నింపి పంపేస్తుంది. నొప్పించే మాట ఎవరూ అనక్కర్లేదు.

ఆమెకి ఇవన్నీ ఏం తెలుసులే అనుకుని పట్టుకెళ్ళాడు.

"దిసీజ్ ఫర్ యూ మేడం. ఫర్ యువర్ కోల్డ్."

"మూడోది?"

"తర్వాత సెప్తాను మేడం."

రెండు రోజులుగా జలుబుతో ఉన్న ఉమ గ్లాసులో పోసుకుని అక్కడే తాగేసింది. వెనక బెంచీలో బుధు దగ్గడం మొదలెట్టాడు. వాడిదీ ఫల్గుణ ఊరే.

క్లాసు అవగానే ఫల్గుణని పట్టుకున్నాడు. "సెప్పకుండా తాగించీసినావు. ఇది మోసం కాదేట్రా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఫల్గుణ వానలో తడుస్తూ బస్టాపుకి పరిగెత్తాడు. ఉమ కుండ పక్కన పెట్టుకుని బస్సు కోసం చూస్తోంది.

"మేడం, ఆ అంబలి... మా ఊల్లో పిల్లని అడగడం అలగే. మీకు తెలీకుండా తాగించినాను, తప్పే. మీరంటే నాకు ఇష్టం. మీకూ ఇష్టమైతే ఆ కుండ మీ సేత్తో తిరిగియ్యండి."

ఇష్టం లేకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి మనసొప్పలేదు. 'ఖాళీగా' అన్న మాటైతే తట్టనేలేదు. కడిగిన కుండని ఖాళీగా కాక ఎలా ఇస్తారు?

బస్సొచ్చేదాకా ఉమ గొడుగు సగం అతని మీదికి వంచి నిలబడింది.

శనివారం కుండతోనే క్లాసుకి వచ్చింది. ఫల్గుణ రెండు చేతులా అందుకున్నాడు. బరువుగా ఉంది. ఆకు విప్పితే అంచుదాకా సున్నుండలు.

బుధు తల దించుకున్నాడు.

"పర్లేదు మేడం," అన్నాడు ఫల్గుణ. "బొబ్బిలి జాగర్తగా ఎల్లండి."

"బొబ్బిలెందుకు? ఏడాది ఉంటానని నిన్ననే సంతకం పెట్టాను." ఉమ మొహం ఎర్రబడింది. "నువ్వు చెప్పినట్టే నా చేత్తో తెచ్చిచ్చాను కదా. ఇప్పుడేమైంది?"

"నిండు కుండ ఇస్తే వద్దని మేడం," గొణిగాడు బుధు.

"అయ్యో రామా. ఒకరింటి గిన్నె ఖాళీగా ఎలా ఇస్తాం? మా అమ్మ వింటే ఊరుకుంటుందా? ఇవి చుట్టి బస్సులో పంపింది కూడా ఆవిడే. ఎవరి కోసమో అంతా చెప్పాకే."

ఫల్గుణ క్లాసు వైపు తిరిగాడు. "ఇంకేటి సూత్తన్నారు? బేగి తినండి."

పన్నెండుమంది కుండ మీద పడ్డారు. చివరి సున్నుండ దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులెత్తేశారు. ఉమ దాన్ని చిదిమి సగం అతని చేతిలో పెట్టింది. కుళాయి కింద కుండ తనే కడిగి, నీళ్ళు ఓడ్చి ఇచ్చింది.

"మూడో ఫర్ ఇంకా చెప్పలేదు."

"ఐ వెయిటెడ్ ఫర్ యూ ఫర్ సిక్స్ మంత్స్, మేడం."

"అందులో రెండున్నాయి."

"ఒకటి ఎక్కువైతే తప్పా మేడం?"

"ఫర్‌లో తప్పు లేదు. మేడం అనడమే తప్పు."

ఇంటి గుమ్మంలో మామ్మ కాచుకుని ఉంది. "ఏటన్నాదిరా ఆ గుంట?"

"సానా సెప్పింది మామ్మా. ఫర్ అంటే ఒకరి కోసమట, ఎంతకాలమో సెప్పడానికట, ఇంకా..."

కనక కుండ లాక్కుని, బోర్లించి, అరచేత్తో ఒకసారి తట్టింది. ఏమీ రాలలేదు.

"నీ ఫర్‌కి ఎన్ని అర్థాలైతే నాకేటి? నా కుండకి ఒకటే," అంది. "బేగెల్లి పెద్దోల్లని పిలు."