రెండో పిన్ను, మూడో పిన్ను

కేబుల్ కొసన ఉన్న రెండు స్క్రూల్లో ఒకటి బిగించి, రెండోదాని మీద మార్తమ్మ స్క్రూడ్రైవర్ ఆనించిందో లేదో, పూరణి యంత్రం మాట్లాడటం మొదలుపెట్టింది.

“రేవులో సముద్రమట్టం ఈ యాభై ఏళ్లలో ఏడు సెంటీమీటర్లు పెరిగింది. ఉప్పరేవు వాడకు ప్రమాదం లేదు.”

గదంతా సంబరంతో మారుమోగింది. జాలర్ల సంఘం పెద్ద మైలపల్లి ఎల్లాజీ రెండు చేతులూ జోడించి యంత్రానికి దండం పెట్టాడు. వాడను ఖాళీ చేయించాలో వద్దో తేల్చాల్సిన తరలింపు కమిటీ వాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఊపారు. డాక్టర్ హర్షిణి కళ్లు తుడుచుకుంది. ఆమె తొమ్మిదేళ్ల కష్టం ఆ యంత్రం.

అది 2046. కొత్త యంత్రాల్లో పూరణికి తప్ప దేనికీ తీగ గుచ్చే చోటు ఉండని కాలం. కానీ రేవు చివర ఉన్న అలల కొలత గదిలో మాత్రం 1996 నాటి కంప్యూటర్ ఒకటి ఇంకా బతికే ఉంది. సముద్రంలో పాతిన ఇనుపగొట్టంలో తేలే బెండు ఎంత ఎత్తున ఉందో గంటగంటకూ రాసుకుంటూనే ఉంది. ఆ లెక్కల నకళ్లన్నీ ఎప్పుడో తుఫానులో కొట్టుకుపోయాయి. ఉప్పరేవులోని రెండువందల పన్నెండు ఇళ్లు ఉండాలా, ఖాళీ చేయాలా అన్నది ఇప్పుడు ఆ పెట్టెలో ఉన్న లెక్కను బట్టే తేలాలి. విప్పితే డిస్క్ ఉంటుందో ఊడుతుందో ఎవరికీ నమ్మకం లేదు. పూరణి దాని మాట వినాలంటే వెనక తీగ గుచ్చే సీరియల్ పోర్టు ఒక్కటే దారి.

ఆ పోర్టుకు కేబుల్ కట్టగలవాళ్లు జిల్లా మొత్తం మీద ఒక్కరే దొరికారు. మార్తమ్మకు డెబ్బై ఏళ్లు. వయసులో ఉండగా విశాఖలో ఓ కంప్యూటర్ల షాపులో పదకొండేళ్లు తీగలతికే సాల్డరింగ్ పని చేసింది.

ఇక పూరణి సంగతి. పెళ్లిలో బ్యాండు హోరెత్తుతుంటే పక్కనున్నాయన “భో... చేశా...” అంటాడు. మనం ఠక్కున “చేశామండీ” అంటాం. పోయిన అక్షరాలు మనమే నింపుకుంటాం. పూరణి చేసేదీ అదే. పాత యంత్రాల అరిగిపోయిన మాట విని, తెగిన చోట అతికి, మనుషుల భాషలో చెబుతుంది.

అందరూ స్వీట్లు పంచుకునేందుకు బయటికి వెళ్లాక మార్తమ్మ కేబుల్ విప్పి చుట్టబోయింది. షాపులో నేర్చిన అలవాటు చొప్పున, పెట్టెలో పెట్టే ముందు, తీగ కలిస్తే కుయ్యిమనే మల్టీమీటర్‌తో పరీక్షించింది. ఈ కొసన రెండో పిన్ను మీద ఒక ముల్లు, ఆ కొసన మూడో పిన్ను మీద ఇంకో ముల్లు. కుయ్యిమనాలి. అనలేదు. ఆ కొసన కూడా రెండో పిన్ను మీదే పెట్టింది. కుయ్యిమంది.

ఆమె గబగబా సంచి వెతికింది.

రెండు కంప్యూటర్లను సీరియల్ కేబుల్‌తో కలిపేటప్పుడు రెండో పిన్ను చెవి, మూడో పిన్ను నోరు. దీని నోరు దాని చెవికి, దాని నోరు దీని చెవికి చేరాలి. అందుకే ఆ రెండు తీగలనూ తారుమారు చేసి అతకాలి. ఇదేమో తీగలు తిన్నగా అతికిన కేబుల్. కొత్తగా కట్టింది సంచిలోనే ఉండిపోయింది, పాతది చేతికొచ్చింది. నోటికి నోరు, చెవికి చెవి. ఒక్క అక్షరం కూడా అవతలికి పోయే వీల్లేదు.

మరి ఏడు సెంటీమీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముందు తన బుర్రనే అనుమానించింది. మీటర్ బ్యాటరీ మార్చింది. కళ్లద్దాలు తుడిచి పిన్నుల పక్కనున్న అంకెలు మళ్లీ చదివింది. ఎన్నిసార్లు చూసినా అదే. చివరికి హర్షిణిని పిలిచింది.

“డాక్టరమ్మా, నేను తప్పు కేబుల్ పెట్టాను.”

“తప్పయితే డేటా ఎలా వస్తుందండీ? వచ్చిందిగా! మీరే ఏదో పొరబడుంటారు.”

“నాకూ అదే అర్థం కావడం లేదు. ఒక్కసారి మళ్లీ అడగండి దాన్ని.”

కేబుల్ మార్తమ్మ చేతిలోనే ఉంది. పూరణికి ఏ తీగా లేదు. హర్షిణి అడిగింది. పూరణి అదే గొంతుతో, అదే నెమ్మదితో, ఏడు సెంటీమీటర్లని చెప్పింది. ఏ తుఫాను రోజున నీరు ఎంత లేచిందో కూడా చెప్పింది.

హర్షిణి పూరణికి ఉన్న ఖాళీ పోర్టు తడిమి చూసింది. “ఇంత ధీమాగా... ఎలా?”

“నింపడానికే పుట్టించారు కదమ్మా దాన్ని. ఖాళీ ఎంతుంటే నింపకూడదో చెప్పారా?”

హర్షిణి తల అడ్డంగా ఊపింది. “చెప్పలేదు” అంది.

సరైన కేబుల్ పెట్టి చూశారు. ఈసారి పూరణి ముప్పై ఆరు అంది. మళ్లీ అడిగితే ఇరవై తొమ్మిది. అందులో విన్నదెంతో, నింపిందెంతో దాన్ని చేసిన మనిషికే తెలియలేదు.

“నింపనిది ఒకటి కావాలి. చెప్పింది చెప్పినట్టు కొట్టేది” అంటూ మార్తమ్మ అటక మీదకు చూసింది. అక్కడ సూదులతో చుక్కచుక్కగా అచ్చుకొట్టే పాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్ దుమ్ము కొట్టుకుని ఉంది. పాత కంప్యూటర్‌కున్న ప్రింటర్ పోర్టుకు దాన్ని కలపాలంటే పారలల్ కేబుల్ కావాలి. సీరియల్‌లో అక్షరం ముక్కలు ఒకదాని వెనక ఒకటి చీమల్లా వెళతాయి. పారలల్‌లో ఎనిమిది తీగల మీద ఎనిమిది ముక్కలూ పక్కపక్కనే ఒకేసారి వెళతాయి. ‘ఇప్పుడు తీసుకో’ అనడానికి ఇంకో తీగ, ‘ఆగు, పనిలో ఉన్నా’ అనడానికి మరొకటి. రెండు రోజులు కూర్చుని ఆమె అవన్నీ ఒక్కొక్కటే అతికింది. ప్రతి తీగనూ మూడేసి సార్లు మీటరుతో చూసుకుంది. ఎండిపోయిన రిబ్బన్‌కు స్టాంపు ప్యాడ్ ఇంకు పట్టించింది.

ప్రింటర్ కీచుమంటూ రోజంతా కొట్టింది. కరెంటు పోయి లెక్క లేని రోజుల దగ్గర ఖాళీగానే వదిలేసింది. హర్షిణి కూర్చుని లెక్కకట్టింది. నలభై ఒక్క సెంటీమీటర్లు. ఇంకో నాలుగైదు వర్షాకాలాల్లో ఉప్పరేవు మొత్తం నీళ్ల కిందే.

ఆ కాగితాల మోపుతో ఇద్దరూ కమిటీ ముందుకెళ్లారు. పొరపాటు తనదేనని మార్తమ్మ ముందే చెప్పేసింది. చెప్పకుండా ఉండాల్సిందేమోనని తర్వాత చాలాసార్లు అనుకుంది.

“ఆ రోజు తప్పు తీగ కట్టినానంటావు, ఇయ్యాల సరైంది కట్టినానంటావు” అన్నాడు ఎల్లాజీ. “ఏది తప్పో మాకేటి తెలుస్తాదమ్మా? ఆ మిషను సక్కగా మనిసిలాగ సెప్పింది. ఈ కాయితంలో సగం ఖాళీలే.”

“ఆ ఖాళీలే దీని నిజాయితీ అండీ. పూరణి తప్పు చెప్పింది. దాన్ని చేసిన నేనే చెబుతున్నాను” అంది హర్షిణి.

“నువ్వు చేసిన మిషనునే నువ్వు నమ్మకపోతే, నిన్నెలా నమ్మడం తల్లీ?” అన్నాడు కమిటీ పెద్ద. మాటలో కోపం లేదు. నిజంగానే పాలుపోక అడిగాడు.

గదిలో తలా ఒక మాట. ఎవరి మాటకు ఎవరు జవాబిస్తున్నారో తెలియలేదు. సాయంత్రానికి కమిటీ పెద్ద చేతులెత్తి అందరినీ ఆపాడు. ఏ పక్షానికీ అన్యాయం జరగకూడదన్నాడు. ఏడూ, నలభై ఒకటీ కలిపి సగం చేస్తే ఇరవై నాలుగు. ఆ ఎత్తుకు గోడ కడదాం, వాడలో ఆ ఎత్తున గీత గీసి, దానికి దిగువనున్న ఇళ్లే ఖాళీ చేయిద్దాం అన్నాడు. అందరికీ అది న్యాయంగా తోచింది. చప్పట్లు కూడా కొట్టారు. లేని లెక్కతో ఉన్న లెక్కను కలిపి సగం చేయడమేమిటని హర్షిణి అరిచిన అరుపు ఆ చప్పట్లలో కలిసిపోయింది.

వారం తిరిగేసరికి వాడలో పసుపు రంగు గీత పడింది. అది వంకర్లు తిరుగుతూ వచ్చి సరిగ్గా ఎల్లాజీ ఇంటి మధ్యనుంచి పోయింది. వంటగది సముద్రం వైపు, ముందుగది ఊరి వైపు. మార్తమ్మ వెళ్లేసరికి అతను పొయ్యి, బిందెలు, బియ్యం డబ్బా ఒక్కొక్కటే గీత దాటించి ముందుగదిలో సర్దుతున్నాడు. భార్య నూకాలు వంటగది వాకిట్లో నిలబడి చూస్తోంది.

“అమ్మా, ఇంక మాకేటీ బయం లేదు” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

చెప్పాల్సినవన్నీ మార్తమ్మ అప్పటికే చెప్పేసింది. వంగి బియ్యం డబ్బా రెండు చేతులా ఎత్తుకుంది, గడప దిగింది.

“ఏటమ్మా, అదెక్కడికి?”

“మెరక మీద బడి ఉందిగా. అక్కడికి.”

ఎల్లాజీ చేతిలో సామాను కింద పెట్టి గడప దాకా వచ్చాడు. నూకాలు మొగుడి వంక చూసింది. ఎత్తు రోడ్డు మీద ఆయాసపడుతూ నడుస్తున్న ముసలామె వంక చూసింది. ఎవరి మాట నిజమో ఆమెకూ తెలియదు. బిందె చంకన పెట్టుకుని, ఆ బియ్యం డబ్బా వెనకే నడిచింది.