ఎరుకరి నోట దోమతెర

భీమవరంలో దోమతెరలు కుట్టి అమ్మే యర్రంశెట్టి భానోజీ డాబా మీదకు వెళ్ళేసరికి ఎగురుబుట్టలన్నీ కదలకుండా వరసగా కూర్చుని ఉన్నాయి. మామూలుగా ఆ వేళకు సగానికి పైగా బుట్టలు దోమతెరలు మోసుకుని ఆకివీడు, వీరవాసరం, మొగల్తూరు వైపు ఎగిరిపోయి ఉండాలి. ఒక్కొక్క బుట్ట మీదా చెయ్యి వేసి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. వాటికి పనే రాలేదు.

కిందికి దిగి, వంటింటి గోడకున్న ఎరుకరి ముందు నిలబడ్డాడు. గొంతు మార్చి, ఎవరో పరాయి మనిషి అడిగినట్టు, మంచి దోమతెర ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

"తణుకులో మంచుపూల దోమతెరల వారి దగ్గర దొరుకుతుంది భానోజీ గారూ" అంది ఎరుకరి.

అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలాంటి ఎరుకరి యంత్రం అప్పటికి ప్రతి ఇంటి గోడకూ ఉంది. వెనకటి కాలంలో జనం ఏదైనా కావాలంటే నాలుగు మాటలు టైపు చేసేవారు, కొట్ల పేర్లు పైనుంచి కిందికి బారుగా వచ్చేవి, పదో పేరు వాడికి కూడా ఎవడో ఒకడు తగిలేవాడు. ఎరుకరి వచ్చాక ఆ బారు పోయింది. ప్రశ్న ఒకటే, జవాబూ ఒకటే. జనం కూడా ఆ ఒక్క పేరూ విని, సరే పంపించెయ్యమనడానికి అలవాటుపడ్డారు. రెండో స్థానంలో ఉన్నవాడూ అసలు కొట్టే లేనివాడూ ఒకటే. అందుకని వ్యాపారస్థులంతా ఎరుకరి నోట పడటం కోసం నానా తంటాలూ పడేవారు. ఆ విద్యకు నోటపాటు అని పేరు వచ్చింది. దానికి సలహాదారులు, శిక్షణ తరగతులు, బోర్డులు కూడా వచ్చాయి.

భానోజీకి నోటపాటు చూసే అమ్మాయి పేరు ప్రవల్లిక. ఏలూరులో ఉంటుంది. భానోజీ పిలవగానే ఫోను తెర మీదకు వచ్చి, ఎరుకరి పద్ధతి రాత్రికి రాత్రే మారిపోయిందని చెప్పింది. ఇంతకాలం కొట్టువాడు తన సరుకు గురించి తాను రాసుకున్నదాన్ని ఎరుకరి నమ్మేది. తర్వాత కొన్నవాళ్ళ మాటలు నమ్మింది. కొన్నవాళ్ళకు మిఠాయిలు పంపి మంచిమాటలు చెప్పించుకోవడం మొదలయ్యాక, అదీ మానేసింది. ఇప్పుడు ఒకే ఒక్క మాటకు విలువ ఇస్తోంది.

"పోటీదారు నోటి నుంచి వచ్చిన మంచిమాట అండి" అంది ప్రవల్లిక. "మీ వ్యాపారమే చేసేవాళ్ళు మీ సరుకు బాగుందంటే, అందులో వాళ్ళకి నష్టమే తప్ప లాభం లేదు కదా. అందుకని అది అబద్ధం కాదని లెక్క. దాన్నే పగసాక్ష్యం అంటున్నారు. ఇంట్లో మామూలుగా మాట్లాడుకుంటుండగా ఎరుకరి చెవిన పడాలి. అడిగి చెప్పించుకున్నా, ఒకరికొకరు ఒప్పందం చేసుకున్నా పట్టేస్తుంది."

తనకు పోటీ ఎవరో భానోజీకి అడక్కుండానే తెలుసు. పాలకొల్లులో దోమతెరలు అమ్మే ఏడుకొండలు అతనికి స్వయానా తోడల్లుడు, భార్య చిట్టిరత్నం అక్క మాణిక్యం భర్త. ఆ మనిషితో భానోజీ మాట్లాడటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ మాట్లాడకపోవడానికి కారణం కూడా దోమతెరే. బావమరిది పెళ్ళికి భానోజీ తన చేత్తో కుట్టిన పెద్ద తెర ఒకటి కానుకగా ఇచ్చాడు. తెల్లారేసరికి పెళ్ళికొడుకు మొహం బూరెలా పొంగి ఉంది. టిఫిన్లు చేస్తున్న బంధువులందరి ముందూ ఏడుకొండలు, "ఇది దోమతెర కాదర్రా, దోమల పంజరం. లోపలికొచ్చినది మళ్ళీ బయటికి పోలేదు" అన్నాడు. ఉప్మా పొలమారేదాకా నవ్వారు జనం. భానోజీ చేతిలో ప్లేటు పక్కన పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాడు. అక్కాచెల్లెళ్ళు మాత్రం రోజూ మాట్లాడుకుంటూనే ఉండేవారు. భానోజీ గదిలోకి వస్తే చిట్టిరత్నం ఫోను పెట్టేసేది.

వారం గడిచింది. బుట్టల మీద దుమ్ము పేరుకుంది. అడక్కుండా మంచిమాట రావాలంటే ముందు తాను ఏదైనా మంచి చెయ్యాలని భానోజీకి తోచింది. తోడల్లుడి విశేషాలేమిటని భార్యను అడిగాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రశ్న విని చిట్టిరత్నం చేటలో బియ్యం అలాగే వదిలేసి భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక, బావగారికి కంటి ఆపరేషన్ అయిందనీ, పచ్చ కళ్ళజోడు పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటున్నారనీ చెప్పింది.

మర్నాడే మొగుడూ పెళ్ళాలు బత్తాయిలు పట్టుకుని పాలకొల్లు వెళ్ళారు.

ఏడుకొండలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. రా తమ్ముడూ అంటూ చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి, ఎరుకరి కింద వేసిన కుర్చీలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. వంటింట్లో కుర్చీలు ఎందుకు వేశారా అని చిట్టిరత్నం అక్కవైపు చూసింది. మాణిక్యం మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది. ఏడుకొండలుకూ నోటపాటు సలహాదారు ఉన్నాడు. అతని డాబా మీదా బుట్టలు ఖాళీగానే ఉన్నాయి.

"భీమవరంలో మన భానోజీ అంత నిజాయితీపరుడు లేడని నేను ఎప్పుడూ అంటూనే ఉంటాను" అన్నాడు ఏడుకొండలు, గోడవైపు తిరిగి.

"అన్నయ్యగారి తెరల మన్నిక ఇంకెవరికీ రాదండి" అన్నాడు భానోజీ, అదే గోడవైపు తిరిగి.

"ఈ రెండు మాటలూ లెక్కలోకి తీసుకోవడం లేదు" అంది ఎరుకరి, వినయంగా.

ముందు మాణిక్యం నవ్వింది. తర్వాత చిట్టిరత్నం. చివరికి మగవాళ్ళిద్దరికీ నవ్వక తప్పలేదు. నవ్వడం అయ్యాక, ఇక దాచేదేముందని, ఇద్దరూ తమ డాబాల మీద దుమ్ము సంగతి చెప్పుకున్నారు. మాటల్లో పెళ్ళినాటి సంగతీ వచ్చింది. ఆ మాట అందరి ముందూ ఎందుకన్నారని భానోజీ అడిగాడు. ఏడుకొండలు పచ్చ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"హాస్యానికన్నానయ్యా. నువ్వూ నవ్వుతావనుకున్నాను. నువ్వు ప్లేటు పెట్టేసి వెళ్ళిపోతే, మర్నాటి నుంచి నాకే అన్నం దిగలేదు."

భోజనాలయ్యాక చెరువుగట్టు మీద పాకలో ఏడుకొండలు తన కొత్త తెర కట్టించాడు. చేపల చెరువు పక్కన దోమలకు పగలూ రాత్రీ తేడా ఉండదు. తెర గుడ్డ పల్చగా, గాలి ఆడేలా ఉంది గానీ మూలల కుట్టు వదులుగా ఉందని భానోజీ గమనించాడు. సూది తెప్పించుకుని, ఆ పెళ్ళి తర్వాత పట్టుబట్టి నేర్చుకున్న పద్ధతిలో మూలలు మడిచి కుట్టాడు. తర్వాత, దోమలు నిజంగా ఆగుతాయో లేదో చూద్దామని, తోడల్లుళ్ళిద్దరూ ఆ తెరలోనే నడుం వాల్చారు. ఇద్దరికీ నిద్ర పట్టేసింది. లేచి చూసుకుంటే ఒంటి మీద ఒక్క దద్దురు లేదు.

టీ తాగడానికి వంటింట్లోకి వెళ్ళిన ఏడుకొండలు, గోడవైపు చూడకుండా, ఎరుకరి సంగతే మర్చిపోయి, "మాణిక్యం, వాడి కుట్టు చూశావా? నా జన్మలో నాకు అలా రాదు" అన్నాడు. భీమవరం తిరిగొచ్చాక భానోజీ కూడా చొక్కా విప్పుకుంటూ, అన్నయ్యగారి గుడ్డ ముందు తన గుడ్డ గోనెపట్టాలా ఉందని భార్యతో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డాబా మీద రొద వినిపించింది. బుట్టలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. పాలకొల్లులోనూ అదే రొద. ఎరుకరి సగం ఊళ్ళకు భానోజీ పేరూ సగం ఊళ్ళకు ఏడుకొండలు పేరూ చెబుతోంది.

అక్కడి నుంచి రాకపోకలు పెరిగాయి. భీమవరం దారాలు పాలకొల్లుకీ, పాలకొల్లు గుడ్డ భీమవరానికీ చేరేవి. ఆదివారం వస్తే నలుగురూ ఒకే ఇంట్లో భోజనం చేసేవారు. మధ్యాహ్నం కునుకు మాత్రం తోడల్లుళ్ళిద్దరికీ చెరువుగట్టు పాకలోనే.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఎరుకరి తనంతట తానే భానోజీని పిలిచింది. పగసాక్ష్యం చెల్లాలంటే పగ ఇంకా ఉందో లేదో అప్పుడప్పుడూ సరిచూసుకోవాలట. ఏడుకొండలు ఆ సమయానికి పక్కగదిలోనే ఉన్నాడు. తలుపు సందులోంచి చేతులు ఊపుతూ, తిట్టు, నన్ను బాగా తిట్టు అని సైగలు చేశాడు.

ఏడుకొండలు మీకు పోటీదారేనా అని అడిగితే, బద్ధ శత్రువని భానోజీ గట్టిగా చెప్పాడు. అయితే ఆయన గురించి చెడ్డమాట ఒకటి చెప్పమంది ఎరుకరి. భానోజీ ఆలోచించాడు. సరుకు గురించి చెబుదామంటే నోరు రాలేదు. మనిషి గురించి చెబుదామంటే తలుపు సందులో పచ్చ కళ్ళజోడు కనిపిస్తోంది.

"గురక" అన్నాడు చివరికి. "ఘోరంగా గురక పెడతాడండి."

"మీకెలా తెలుసు?" అంది ఎరుకరి.

తలుపు వెనక ఏడుకొండలు తల పట్టుకున్నాడు. ఇద్దరూ పోటీదారులు కారని, ఒకరి సాక్ష్యం ఒకరికి చెల్లదని ఎరుకరి అక్కడికక్కడే తేల్చేసింది. సాయంత్రానికి రెండు డాబాల మీదా బుట్టలు దిగి కూర్చున్నాయి.

ఆ దెబ్బ తమకొక్కరికే తగిలిందని వాళ్ళు అనుకున్నారు. ప్రవల్లిక చెబితే తెలిసింది, జిల్లా అంతా అదే గోలని. మంచిమాట సంపాదించడానికి మిఠాయి కొట్టువాడు ఎదురు మిఠాయి కొట్టువాడి కూతురి పెళ్ళికి పందిరి వేయించాడు. రొయ్యపిల్లల వ్యాపారులిద్దరు వియ్యమందుకున్నారు. తణుకు మంచుపూల వారికి కూడా నిడదవోలులో ప్రాణస్నేహితుడు దొరికాడు. పగవాళ్ళు తగ్గిపోయేకొద్దీ సాక్ష్యాలు తగ్గిపోయాయి. ఏదడిగినా ఎరుకరి కాసేపు ఆగి, "నాకు తెలియదు. ఎవరినైనా అడిగి చూడండి" అనడం మొదలుపెట్టింది. ఈ పని ఇక నాకూ లేదండి అని ప్రవల్లిక నవ్వింది.

నాలుగు రోజులకు భానోజీ గుమ్మం ముందు చంకలో పసిబిడ్డతో ఒకావిడ నిలబడింది. ఉయ్యాలకు పట్టే తెర కావాలంది. ఎరుకరి తెలియదంటే వీధిలోకి వచ్చి అడిగిందట. మిఠాయి కొట్టాయన ఈ ఇంటి దాకా వచ్చి చూపించి వెళ్ళాడట.

కొనే మనిషిని ఎదురుగా చూసి భానోజీకి ఏళ్ళయింది. ఏం మాట్లాడాలో తెలియక కుర్చీ వేశాడు. చిట్టిరత్నం మజ్జిగ తెచ్చింది. బిడ్డ చేతుల మీది దద్దుర్లు చూశాక భానోజీకి మాటలు వచ్చాయి. ఇంత లేత ఒంటికి తన గుడ్డ గరుకవుతుందనీ, పాలకొల్లు అన్నయ్యగారి గుడ్డ తీసుకోమనీ చెప్పాడు. భోజనానికి వచ్చిన ఏడుకొండలు గుమ్మంలోనే ఆ మాట విన్నాడు.

"వాడి మాట వినకమ్మా. ఉయ్యాలకి కుట్టు ముఖ్యం. వాడి దగ్గరే తీసుకో."

"గుడ్డ మంచిది కాకపోతే కుట్టెందుకండీ అన్నయ్యగారూ?"

"కుట్టు లేకపోతే నా గుడ్డ దేనికి, తల తుడుచుకోడానికా?"

ఇద్దరి గొంతులూ లేచాయి. చిట్టిరత్నం సర్దిచెప్పబోయి మానుకుంది. తెర కోసం వచ్చినావిడ మజ్జిగ పూర్తిగా తాగింది, బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకుంది, ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది.

"ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరైనా అమ్ముతారా, అమ్మరా అండీ?" అంది.