పొట్టి నాచు, పొడుగు నాచు

ఇందు రెండు కవర్ల నిండా ఎండబెట్టిన సముద్రపు నాచు తెచ్చి మా వసారాలో పెట్టింది. పక్కనే ఉన్న వాళ్లింట్లో సున్నాలు వేస్తున్నారట. మాది నేతగాళ్ల ఇల్లు, మగ్గానికే చోటు చాలదు. ఎమ్మిగనూరుకు ఈ చెత్త ఎందుకని అడిగితే, వైజాగ్‌లో తన పీహెచ్‌డీ దీని మీదేనంది.

ఒక కవరులోది అలలు బాదే రాళ్ల మీద పెరిగింది. రెండోదానిలోది అలలకు అడ్డంగా కట్టిన గోడ చాటున, నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట పెరిగింది. జాతి ఒకటే. దెబ్బలు తినేది ఎక్కువగా పొట్టిగా, మందంగా ఉంటుందట. చాటుది పొడుగ్గా, పలచగా. అన్నీ అలాగే ఉండవు, ఆ తేడాలే తను తేల్చాలంది. నాకు సగమే అర్థమైంది. ఆమె కళ్లు చూస్తూ వింటే అంతకంటే ఏం ఎక్కుతుంది?

సాయంత్రం ఆమె వచ్చి నంబర్లు వేసేలోపు సాయం చేద్దామనుకున్నాను, నా ఖర్మ. నూలు కండెలు కలిసిపోతే సన్నవీ ముతకవీ వేరుచేయడం నాకు చిన్నప్పటి అలవాటు. రెండు కవర్లూ కుమ్మరించి పొడుగువి ఒకదాంట్లో, పొట్టివి ఇంకోదాంట్లో ముచ్చటగా సర్దేశాను.

ఇందు వచ్చి చూసింది. గడప మీద కూలబడి తల పట్టుకుంది.

"సూస్తే ఎట్లుందని కాదప్పా, యాడ పెరిగిందనేది కావాల నాకు. అలల్లోనూ పొడుగువి ఉంటాయి, సాటునా పొట్టివి ఉంటాయి. ఇప్పుడు ఏది యాడిదో ఎవరు సెప్తారు?"

నెలాఖరుకు గైడుకు ఈ నాచు లెక్కలు చూపించకపోతే చదువు ఇంకో ఏడాది సాగుతుంది. అన్ని రోజులు ఆగనని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు, ఆదోని సంబంధం సిద్ధంగా ఉంది. అంటే నా చేత్తో నేనే ఆమెను ఆదోనికి సాగనంపుతున్నానన్నమాట!

మళ్లీ సముద్రంలోంచి ఏరుకొచ్చి ఇస్తానన్నాను. సముద్రం ఎప్పుడన్నా చూసినావా అని విసుక్కుంది. చూడలేదు. అయినా ఆమె వెనకే వైజాగ్ రైలెక్కాను.

మొదటి అలకే బోర్లా పడ్డాను. మోకాళ్లు గీరుకుపోయాయి. ఇన్ని దెబ్బలు తింటూ ఆ నాచు పొడుగ్గా ఎట్లా పెరుగుతుందో అప్పుడు అడగాలనిపించింది. మూడు రోజులు నేను కోసి ఏ రాయిదో చెప్పడం, ఆమె కవరు మీద రాయడం, మధ్యలో తిట్టడం. చివరి కవరు చేతికిస్తూ ఇక ఆగలేకపోయాను.

"ఇందూ, ఆ ఆదోని సంబంధం ఒద్దు. నాకు నువ్వు కావాల."

ఆమె రాయడం పూర్తిచేసి గానీ తలెత్తలేదు. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం విసుగే.

"ఈ మాట సెప్పేకి రెండేండ్లు పట్టిందా నీకు? మా నాయనతోనన్నా నువ్వు మాట్లాడతావా, అదీ నేనే సెయ్యాల్నా?"

నా ఫోను తడిసి చచ్చింది. ఆమె ఫోనే తీసుకుని, నిలబడ్డచోటి నుంచే వాళ్ల నాన్నకు కలిపాను.